వాపును చూసి చీము అనుకోవద్దు

వాపును చూసి బలుపు అనుకోవద్దని మన పెద్దల సామెత. పళ్ళ విభాగంలోనూ వార్డుల్లోనూ పనిచేసే నర్సులుగా మేము ఆ సామెతకు ఇంకొక మాట కలపాలనుకుంటున్నాము. పన్ను పీకిన తర్వాత వచ్చిన వాపును చూసి చీము అని కూడా అనుకోవద్దు. ఈ ఒక్క పొరపాటు అభిప్రాయం వల్ల ఎంతోమంది అక్కరలేని మందులు మింగుతున్నారు. అవసరమైన జాగ్రత్తలు మాత్రం వదిలేస్తున్నారు.

పన్ను పీకించుకొని ఇంటికి వెళ్ళే రోగులు మమ్మల్ని ఎక్కువగా అడిగే మాట ఏమిటో తెలుసా? "సిస్టరమ్మా, చీము పట్టకుండా కాస్త గట్టి మందు రాయించండి" అని. గట్టి మందు అంటే వారి ఉద్దేశంలో యాంటీబయాటిక్. చీటీలో అది లేకపోతే డాక్టరుగారు సరిగా చూడలేదనుకుంటారు. కొందరు దారిలో మందుల షాపు దగ్గర ఆగి, షాపువారు ఇచ్చిన రెండు రకాల మాత్రలు కొనుక్కొని మరీ వెళతారు. అదే మనిషి మేము చెప్పిన "ఈ రోజు చుట్ట ముట్టుకోవద్దు" అన్న మాటను గేటు దాటకముందే మరచిపోతాడు.

మేము పరిశోధకులం కాము. డిప్లొమా చదువుకొని రోగుల మంచాల పక్కన ఏళ్ళ తరబడి పనిచేస్తున్నవాళ్ళం. అయితే పరిశోధనల్లో తేలిన సంగతులను రోగి ఇంటిదాకా చేర్చవలసిన బాధ్యత మాదేనని నమ్ముతాము. నోటిలో వాపు గురించి, పళ్ళ ఆపరేషన్ తర్వాత కోలుకోవడం గురించి ఇప్పటికే తెలిసిన విషయాలను ఆచరణలో పెడితే చాలామంది బాధ తగ్గుతుంది. అందుకు మనం ఏమి మార్చుకోవాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వాపు ఎందుకు వస్తుంది?

పన్ను తీసిన చోట ఒక గుంట మిగులుతుంది. కొద్ది నిమిషాల్లో అందులో రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డే అసలైన కట్టు. దాని కింద ఎముక భద్రంగా ఉంటుంది, దాని మీదుగానే కొత్త కండ పెరుగుతుంది. గాయం జరిగిన చోటికి శరీరం ఎక్కువ రక్తాన్ని, తెల్ల కణాలను పంపుతుంది. అందువల్ల బుగ్గ ఉబ్బుతుంది, కాస్త వెచ్చగా ఉంటుంది, నొప్పి పుడుతుంది. ఇది మరమ్మతు పని. సామాన్యంగా ఈ వాపు రెండవ, మూడవ రోజుకు ఎక్కువై, ఆ తర్వాత తగ్గుముఖం పడుతుంది. జ్ఞానదంతాన్ని ఎముక కోసి తీసినప్పుడు వాపు ఇంకా ఎక్కువగా ఉంటుంది, నోరు తెరవడం కూడా కష్టమవుతుంది. రెండవ రోజు ఉదయం అద్దంలో చూసుకొని భయపడే వారికి ఈ సంగతి ముందే చెప్పి ఉంటే సగం ఆందోళన తగ్గుతుంది.

చీము సంగతి వేరు. వాపు మూడవ రోజు తర్వాత తగ్గకుండా పెరుగుతూ పోవడం, జ్వరం రావడం, గుంటలోంచి చీము కారడం, దవడ కింద గట్టిపడడం ఇన్‌ఫెక్షన్ గుర్తులు. అప్పుడు యాంటీబయాటిక్ అవసరమా, చీము బయటికి తీయాలా అన్నది డాక్టరుగారు చూసి నిర్ణయించాలి. రెండు రకాల వాపులకూ ఒకే మాత్ర మింగడం తెలివైన పని కాదు.

పన్ను పీకకముందే పని మొదలవ్వాలి

చిగుళ్ళ వాపు ఎంత తొందరగా వస్తుందో, ఎంత తొందరగా పోతుందో 1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లో అనే దంత వైద్యుడు, ఆయన సహచరులు చూపించారు. ఆరోగ్యంగా ఉన్న 12 మందిని పళ్ళు తోముకోవడం మానేయమన్నారు. 10 నుండి 21 రోజుల లోపల అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ శుభ్రంగా తోముకోవడం మొదలుపెట్టాక సుమారు వారం రోజుల్లో చిగుళ్ళు మామూలుగా అయ్యాయి. ఏ మాత్రా లేదు, ఏ ఇంజెక్షనూ లేదు. పాచి చేరితే వాపు వచ్చింది, పాచి పోతే వాపు పోయింది.

దీని నుండి మనం నేర్చుకోవలసింది ఉంది. తొందర లేని పన్నును పీకించుకునేవారు ముందుగా గార తీయించుకొని, ఒక వారం రెండు పూటలా మెత్తని బ్రష్షుతో తోముకొని వస్తే, ఎర్రగా వాచి రక్తం కారే చిగుళ్ళ మధ్య కాకుండా శుభ్రమైన నోటిలో ఆపరేషన్ జరుగుతుంది. జ్ఞానదంతం చుట్టూ చిగురు వాచి ఉండగా దాన్ని తీస్తే తర్వాత చిక్కులు ఎక్కువని దంత వైద్యులకు తెలిసిన విషయమే. అయితే చీము పట్టి బాధపెడుతున్న పన్ను విషయంలో ఆలస్యం పనికిరాదు. అక్కడ మూలాన్ని తీసివేయడమే చికిత్స.

చిగుళ్ళ వాపు నోటితో ఆగిపోదు. 2007లో లండన్‌లో చిగుళ్ళ వ్యాధి ముదిరిన 120 మంది మీద జరిగిన ఒక పరీక్షలో గట్టి చికిత్స చేసిన మరునాడు వారి రక్తంలో వాపు సూచికలు పెరిగాయి, రక్తనాళాల పనితీరు తగ్గింది. ఆరు నెలల తర్వాత చూస్తే మామూలు చికిత్స పొందిన వారికంటే వీరి రక్తనాళాలు బాగా పనిచేస్తున్నాయి. తాత్కాలికంగా పెరిగిన వాపును చూసి చికిత్స చెడిపోయిందని అనుకోకూడదనడానికి ఇది మంచి ఉదాహరణ. షుగరు ఉన్నవారికి చిగుళ్ళ చికిత్స చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బిఎ1సి సగటున 0.43 మేర తగ్గిందని 2022లో వెలువడిన కాక్రేన్ సమీక్ష తేల్చింది. షుగరు రోగికి పళ్ళ బ్రష్షు కూడా ఒక మందే అని మేము అంటే నవ్వకండి.

యాంటీబయాటిక్ సంగతి

కాక్రేన్ అంటే ఒక విషయం మీద జరిగిన పరీక్షలన్నిటినీ ఒకచోట చేర్చి తూకం వేసే అంతర్జాతీయ సంస్థ. పన్ను పీకినప్పుడు ముందుజాగ్రత్తగా ఇచ్చే యాంటీబయాటిక్స్ మీద 2021లో వారి సమీక్ష వచ్చింది. 23 పరీక్షలు, మూడు వేలకు పైగా రోగులు. ఎక్కువ భాగం జ్ఞానదంతాలు తీయించుకున్న ఆరోగ్యవంతులు. ఒకరికి ఇన్‌ఫెక్షన్ రాకుండా ఆపాలంటే సుమారు 19 మందికి మందు ఇవ్వవలసి వస్తుందని లెక్క తేలింది. ఈ ఆధారం కూడా అంత గట్టిది కాదని వారే రాశారు.

ఇక్కడ న్యాయంగా రెండు వైపులా మాట్లాడాలి. 19 మందిలో ఒకరు అంటే సున్నా కాదు. ఆ ఒక్కరూ నలభై కిలోమీటర్ల దూరాన, సాయంత్రం బస్సు తప్ప వేరే దారి లేని ఊరిలో ఉండవచ్చు. కూలి మానుకొని మళ్ళీ రాలేకపోవచ్చు. "ఎందుకైనా మంచిది" అని డాక్టరుగారు ఐదు రోజుల మందు రాస్తే ఆయన భయం మాకు అర్థమవుతుంది. దాన్ని మేము తేలికగా తీసుకోము. కాని మిగిలిన 18 మంది సంగతి ఏమిటి? వారు ఉపయోగం లేకుండా మందు మింగారు. వారిలో కొందరికి విరేచనాలు, కొందరికి ఒంటిమీద దద్దుర్లు, అరుదుగా ప్రాణం మీదికి వచ్చే ఎలర్జీ. మందుకు లొంగే సూక్ష్మజీవులు చచ్చి, లొంగనివి మిగిలి పెరుగుతాయి. రేపు అదే ఇంట్లో పసిబిడ్డకు న్యుమోనియా వస్తే, బాలింతకు జ్వరం వస్తే, ఈ మందులే పనిచేయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన యాంటీబయాటిక్ పుస్తకం కూడా పంటి జబ్బుల్లో చాలావాటికి యాంటీబయాటిక్ అక్కర్లేదని, పంటికి చేయవలసిన చికిత్సే ముఖ్యమని చెబుతోంది.

అలాగని ఎవరికీ వద్దని మేము అనడం లేదు. పై పరీక్షలు ఎక్కువగా ఆరోగ్యవంతుల మీద జరిగాయి. గుండెలో కృత్రిమ కవాటం ఉన్నవారికి, ఇంతకుముందు గుండె లోపలి పొరకు ఇన్‌ఫెక్షన్ వచ్చినవారికి పన్ను పీకకముందే ఒక మోతాదు అవసరం. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారి విషయం, షుగరు అదుపులో లేనివారి విషయం డాక్టరుగారు విడిగా ఆలోచిస్తారు. ఎముకలు గుల్లబారినందుకు లేదా క్యాన్సరుకు జోలెడ్రోనిక్ యాసిడ్ వంటి ఇంజెక్షన్లు తీసుకున్నవారు ఆ సంగతి తప్పక చెప్పాలి. వారికి దవడ ఎముక మానకుండా ఉండిపోయే ప్రమాదం ఉంది. ఆస్పిరిన్ వంటి రక్తం పలచబరిచే మందులు వాడేవారు తమంతట తాము వాటిని ఆపకూడదు. ఇవన్నీ ముందుగా అడిగి రాసుకోవడం నర్సుల పని.

నొప్పికి మందు, గుంటకు కాపలా

నొప్పి భరించమని మేము చెప్పము. జ్ఞానదంతం ఆపరేషన్ తర్వాతి నొప్పి మీద 2013లో వచ్చిన కాక్రేన్ సమీక్షలో 400 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్, 1000 మిల్లీగ్రాముల పారాసెటమాల్ కంటే బాగా పనిచేసిందని, రెండూ కలిపి ఇస్తే ఫలితం ఇంకా మెరుగ్గా కనిపించిందని ఉంది. ఐబుప్రోఫెన్ వాపును కూడా తగ్గిస్తుంది. అయితే కడుపులో పుండు ఉన్నవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, గర్భిణులు, కొందరు ఉబ్బస రోగులు, డెంగీ అనుమానం ఉన్నవారు దాన్ని వాడకూడదు. అందువల్ల పక్కింటివారి చీటీ చూసి కొనుక్కోవద్దు. మత్తు పూర్తిగా దిగకముందే, తిండి తిన్నాక మొదటి మాత్ర వేసుకుంటే నొప్పి ముదరదు.

పన్ను పీకిన రెండు నాలుగు రోజుల మధ్య, చెవిదాకా లాగే తీవ్రమైన నొప్పి వస్తే అది డ్రై సాకెట్ కావచ్చు. గుంటలోని రక్తపు గడ్డ కరిగిపోయి లేదా ఊడిపోయి ఎముక బయటపడడమే దీనికి కారణం. ఇందులో సాధారణంగా చీము ఉండదు, యాంటీబయాటిక్ మింగితే నొప్పి పోదు. దంత వైద్యులు గుంట కడిగి మందు పెడితే ఉపశమనం వస్తుంది. ఈ బాధ రాకుండా ఆపరేషన్‌కు ముందూ, మరునాటి నుండీ క్లోర్‌హెక్సిడిన్ ద్రవంతో పుక్కిలించడం, లేదా ఆ జెల్ గుంటలో పెట్టడం మేలు చేస్తుందని కాక్రేన్ సమీక్షలు చెబుతున్నాయి. ఆ ద్రవం కొనలేనివారు నిరాశపడనక్కర్లేదు. 2014లో నైజీరియాలో జరిగిన పరీక్షలో గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించిన వారికి డ్రై సాకెట్ బాగా తగ్గింది. రోజుకు రెండుసార్లు పుక్కిలించినా ఆరుసార్లు పుక్కిలించినా ఫలితంలో తేడా లేదు. ఉప్పు లేని ఇల్లు లేదు కదా!

పొగ సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తికాదు. 1978లో అమెరికాలో 400 జ్ఞానదంతాల ఆపరేషన్లను పరిశీలించారు. పొగ తాగనివారిలో డ్రై సాకెట్ 2.6 శాతం, రోజుకు అర పెట్టె సిగరెట్లు తాగేవారిలో 12 శాతం. ఆపరేషన్ రోజునే తాగినవారిలో 40 శాతం దాకా వచ్చింది. ఏ యాంటీబయాటిక్ కూడా ఇంత తేడా చూపలేదు. మన ఉత్తర కోస్తా పల్లెల్లో అక్కచెల్లెళ్ళు కొందరు నిప్పు నోటి లోపలికి పెట్టుకొని అడ్డపొగ తాగే అలవాటు ఉంది. 1971లోనే శ్రీకాకుళం ప్రాంతంలో 10,169 మందిని పరీక్షించి, ఆ అలవాటు వల్ల అంగుడికి వచ్చే జబ్బులను పరిశోధకులు వివరించారు. పన్ను నొప్పి పుట్టినప్పుడు పొగాకు, ఖైనీ పంటి దగ్గర అదిమిపెట్టుకునేవారూ ఉన్నారు. పన్ను పీకించుకున్న వారం రోజులు వీటన్నిటినీ మానండి. ఆ వారం మానగలిగినవారు ఇంకో వారం కూడా మానగలరు.

పథ్యం పేరుతో పస్తులు

మన ఇళ్ళలో ఇంకొక నమ్మకం ఉంది. పప్పు తింటే చీము పడుతుంది, పెరుగు తింటే చీము పడుతుంది, వంకాయ, గుడ్డు అసలే వద్దు అని. పెద్దవాళ్ళు ప్రేమతోనే చెబుతారు, కాదనము. కాని చీము తిండి నుండి రాదు, సూక్ష్మజీవుల నుండి వస్తుంది. కొత్త కండ పెరగడానికి మాంసకృత్తులు కావాలి, అవి పప్పులో, పెరుగులో, గుడ్డులోనే ఉన్నాయి. మెత్తగా కలిపిన పప్పన్నం, చల్లారిన జావ, పెరుగన్నం, నలిపిన అరటిపండు, మెత్తగా ఉడికించిన గుడ్డు మంచి ఆహారం. కారం, వేడి, గట్టి పలుకులు మాత్రం కొద్ది రోజులు వద్దు.

షుగరు రోగుల విషయంలో ఈ పథ్యం ప్రమాదకరం. నోరు నొప్పి అని అన్నం మానేస్తారు, షుగరు మాత్ర మాత్రం మానరు, ఇన్సులిన్ మామూలుగానే వేయించుకుంటారు. చెమటలు పట్టి, కళ్ళు తిరిగి పడిపోతే పంటి మత్తు ఇంజెక్షను పడలేదని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. తిండి తగ్గితే మందు ఎలా మార్చుకోవాలో ముందే అడిగి వెళ్ళండి. పన్ను పీకితే కంటిచూపు పోతుందన్న భయం కూడా ఇంకా వినబడుతూనే ఉంది. పై దవడ పన్ను తీస్తే చూపు పోదు. ఆ భయంతో పుచ్చిన పన్నును దాచుకుంటేనే ప్రమాదం.

మేము కోరేది ఇదే

యాంటీబయాటిక్ మానండి అని రోగికి చెప్పి ఊరుకుంటే అది సగం పని. దాని స్థానంలో మనం ఏమి ఇస్తున్నాము? ఆసుపత్రులు మూడు పనులు చేయాలని మా అభిప్రాయం.

మొదటిది, పన్ను పీకిన ప్రతి రోగినీ, వెంట వచ్చిన మనిషినీ కూర్చోబెట్టి ఐదు నిమిషాలు మాట్లాడాలి. గాజు గుడ్డ అరగంట సేపు గట్టిగా కొరికి పట్టాలని, మొదటి రోజు ఉమ్మడం, పుక్కిలించడం, స్ట్రాతో తాగడం వద్దని, బుగ్గ మీద బయటనుండి చల్లని గుడ్డ పెట్టవచ్చని, మరునాటి నుండి ఒక గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు వేసి తిన్న తర్వాత మెల్లగా పుక్కిలించాలని, మిగిలిన పళ్ళు మామూలుగానే తోముకోవాలని చెప్పాలి. చెప్పి ఊరుకోకుండా "అమ్మా, ఇంటికెళ్ళాక ఏం చేస్తారో ఒకసారి మాకు చెప్పండి" అని అడగాలి. వారి నోటితో వారు చెబితేనే మన మాట వారికి చేరినట్టు.

రెండవది, ఇదంతా పెద్ద అక్షరాలతో, బొమ్మలతో తెలుగులో ఒక కాగితం మీద అచ్చువేసి ఇవ్వాలి. చదవలేనివారికి ఇంట్లో బడికి వెళ్ళే పిల్లలు చదివి వినిపిస్తారు.

మూడవది, మూడవ రోజున ఒక ఫోను. వాపు తగ్గుతోందా, పెరుగుతోందా? జ్వరం ఉందా? మింగగలుగుతున్నారా? దూరపు ఊరి రోగి గురించి డాక్టరుగారికి ఉన్న భయానికి సరైన జవాబు ఈ ఫోనే అని మేము అనుకుంటున్నాము. నిజంగా ఇన్‌ఫెక్షన్ మొదలైన ఆ ఒక్కరినీ మూడవ రోజునే పట్టుకోగలిగితే మిగిలిన 18 మందికి మందు మింగించవలసిన పని లేదు. ఐదు నిమిషాల మాటకు, ఒక ఫోనుకు నర్సులు కావాలి, సమయం కావాలి. వార్డులో చేతులు చాలడం లేదని మాకంటే ఎవరికి తెలుసు? అయినా డ్రై సాకెట్‌తో, ముదిరిన చీముతో తిరిగి వచ్చే రోగికి పట్టే సమయం ఇంతకంటే ఎక్కువ.

పాఠకులకు చివరిగా ఒక హెచ్చరిక. దవడ కింద, మెడ మీద వాపు గట్టిపడి పెరుగుతున్నా, నాలుక పైకి లేచినట్టున్నా, మింగడం, ఊపిరి పీల్చడం కష్టమైనా, చలి జ్వరం వచ్చినా, గుడ్డ కొరికి పట్టినా రక్తం ఆగకపోయినా తెల్లవారేదాకా ఆగవద్దు. ఉప్పునీళ్ళు, లవంగ నూనె, మందుల షాపు మాత్రలు అప్పుడు పనికిరావు. 1836లో లుడ్విగ్ అనే జర్మన్ వైద్యుడు వర్ణించిన మెడ వాపు ఇలాగే మొదలై గంటల్లో గాలి దారి మూసేస్తుంది. ఏ వేళనైనా ఆ రోగిని దగ్గరలోని ఆసుపత్రికి తీసుకురావలసిందే. మామూలు వాపు వస్తే మాత్రం దాని పని దాన్ని చేసుకోనివ్వండి. మూడు రోజులు ఓపిక పట్టండి, నోరు శుభ్రంగా ఉంచుకోండి, కడుపు నిండా మెత్తని అన్నం తినండి.